ఇంటి కంప్యూటరుపై వంటకార్డుల కూర్పు, ముద్రణ

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున గావింపబడిన ఉపన్యాసపు పాఠము)



గ్రంథాలయపు పండుగనాడు వంటను గూర్చిన ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. పుస్తకముల బీరువాకును వంటింటి అలమరకును చాల దూరమున్నట్లు కనిపించును. కాని ఆ రెంటిని కలిపిన వస్తువు ఒకటి ఉన్నది. అది అరచేతిలో ఇమిడెడు చిన్న అట్టముక్క. గ్రంథాలయమున దానిని కేటలాగు కార్డు అందురు. వంటింటికి చేరిన పిదప అదియే వంటకార్డు.

ఈ అట్టముక్క పుట్టుపూర్వోత్తరములు కొంత వింతగా నుండును. 1791లో ఫ్రాన్సు దేశపు విప్లవ ప్రభుత్వము మఠములనుండియు, ప్రభువుల ఇండ్లనుండియు స్వాధీనము చేసికొన్న గ్రంథములకు పట్టిక వ్రాయింపదలచి, అందులకు పేకముక్కలను వాడవలసినదిగా ఆదేశించెను. ఆ కాలపు పేకముక్కల వెనుక వైపు తెల్లగా నుండెడిది గనుక వ్రాతకు అనువైనది. పేకాట మాని పుస్తకము పట్టుమని పిల్లలను మందలించెడు పెద్దలకు ఈ సంగతి నవ్వు పుట్టింపవచ్చును. తరువాత పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున అమెరికా గ్రంథాలయములలో 7.5 సెంటీమీటర్ల ఎత్తు, 12.5 సెంటీమీటర్ల వెడల్పు గల కార్డు స్థిరపడినది. అంగుళములలో చెప్పవలెనన్న ఇంచుమించు మూడింటికి ఐదు. ఆ దేశపు గృహిణులు అదే కొలత కార్డులపై వంటలు వ్రాసికొని, రేకు డబ్బాలలోను కొయ్య పెట్టెలలోను వరుసగా అమర్చుకొనిరి. ఆ తరువాత గ్రంథాలయములు కార్డును విడిచిపెట్టినవి. 1971 నుండి గ్రంథాలయములకు కేటలాగు కార్డులను అచ్చువేసి పంపుచు వచ్చిన ఓ.సి.ఎల్.సి. అను అమెరికా సంస్థ 2015 అక్టోబరు 1వ తేదీన తన కడపటి కార్డును అచ్చొత్తి ఆ పనికి స్వస్తి చెప్పినది. వంటింట మాత్రము కార్డు బ్రతికియున్నది. పొయ్యి దగ్గర నిలబడినవారికి తడిచేతితో తాకదగినదియు, ఒక్క చూపులో చదువదగినదియు కావలెను గదా.

కంప్యూటరును వంటింట ప్రవేశపెట్టవలెనను యోచన కూడ కొత్తది కాదు. 1969లో అమెరికాలోని నీమన్ మార్కస్ అను పెద్ద అంగడి తన వస్తుపట్టికలో హనీవెల్ కంపెనీవారి కంప్యూటరు నొకదానిని ‘వంటింటి కంప్యూటరు’ అను పేర ప్రకటించెను. దాని వెల 10,600 డాలర్లు. వంటలను జ్ఞాపకముంచుకొనుట దాని పని. అయితే అందులో అక్షరములు కొట్టెడు మీటలు లేవు. చదువుకొనుటకు తెరయు లేదు. చిన్న చిన్న స్విచ్చులు పైకి క్రిందికి త్రిప్పి సంగతి తెలుపవలెను. వెలిగి ఆరెడు దీపములను చూచి జవాబు గ్రహింపవలెను. దీనిని నేర్చుకొనుటకు రెండు వారముల శిక్షణ కూడ వెలలో చేర్చిరి. ఒక్క యంత్రమైనను అమ్ముడుపోయినట్లు దాఖలా లేదు. చారు కాచుటకు పూర్వము రెండు వారములు పాఠశాలకు వెళ్లెడి ఇల్లాలు ఏ దేశమున దొరకును? 1977లో ఆపిల్ 2 మొదలగు ఇంటి కంప్యూటర్లు అంగడికి వచ్చినప్పుడు కూడ వంటలను దాచుకొనుట వాని ఉపయోగములలో ఒకటిగా చెప్పబడెను. నిజమునకు దాచుట కంప్యూటరు చేయు మేలులలో చిన్నది. చక్కగా కూర్చుట, దిద్దుట, ఎన్ని ప్రతులు కావలెనన్న అన్ని అచ్చువేయుట, ఇవి పెద్ద మేలు. దీనికి వేలకొలది డాలర్లు అక్కరలేదు. ఇంట నున్న సాధారణమైన కంప్యూటరు చాలును. అదియు లేనిచో గ్రంథాలయమున నున్నది చాలును. లిబ్రె ఆఫీసు వంటి ఉచితమైన ప్రోగ్రాము ఉండనే ఉన్నది.

కాని కంప్యూటరు ముందు కూర్చుండుటకు ముందే జరుగవలసిన పని ఒకటి ఉన్నది. అది జరుగనిచో తక్కినదంతయు అలంకారమాత్రము. వంట తెలిసిన చేతినుండి కొలతను రాబట్టుటయే ఆ పని.

తెలుగు ఇండ్లలో వంట వ్రాతలో లేదు, చేతిలో ఉన్నది. మనుమరాలు కాగితము, కలము పట్టుకొని కూర్చుండి, ‘‘ఉప్పు ఎంత వెయ్యాలి, అమ్మమ్మా?’’ అని అడుగును. ‘‘తగినంత వెయ్యవే, తల్లీ. చెయ్యే చెబుతుంది’’ అని ఆమె అనును. ఆ జవాబులో దాపరికమేమియు లేదు. అరువది ఏండ్లు వండిన చేతికి కొలత నిజముగనే తెలియును, నోటికి తెలియదు. కావున నోటిని అడుగుట వృథా, చేతిని అడుగవలెను. ఉప్పు జాడీని ముందుగా తూచి ఉంచవలెను. ఆమె తనకు తోచినట్లు తీసికొని వేసిన తరువాత జాడీని మరల తూచవలెను. తగ్గినదెంతయో అదియే ‘తగినంత’. కారమునకు, ఆవపిండికి, నూనెకు ఇదే పద్ధతి. కూరలకు ఒకటి రెండు గ్రాములు చూపెడు చిన్న త్రాసు అంగళ్ళలో చవుకగానే దొరకును. ఒక్కసారి తూచి ఊరకుండరాదు. వేర్వేరు దినములలో రెండు మూడు మారులు తూచి చూచినప్పుడు, ఆ చేయి ఎంత నికరమైనదో తెలిసి ఇంటిల్లపాదియు ఆశ్చర్యపడుట కద్దు.

ఇంత శ్రమ ఎందులకని అడుగువారికి ఆవకాయ సమాధానము చెప్పును. పప్పులో ఉప్పు తగ్గినచో ఆ పూట కొంచెము కలుపుకొందురు. ఆవకాయలో ఉప్పు తగ్గినచో జాడీ బూజు పట్టును. వేసవిలో పెట్టిన పచ్చడి సంవత్సరము నిలువవలసినది. అది పోయినచో కాయలు, నూనె, కారము, ఇంటివారందరు ఒక దినమంతయు పడిన శ్రమ నీటిపాలు. మరల కొత్తపల్లికొబ్బరియో, చిన్నరసమో, జలాలో పుల్లని కాయ దొరకవలెనన్న మరుసటి వేసవి రావలసినదే. కొన్ని ఇండ్లలో నాలుగు గిన్నెల ముక్కలకు ఆవపిండి ఒక గిన్నె, కారము ఒక గిన్నె, ఉప్పు ముప్పావు గిన్నె అని లెక్క. కొన్ని ఇండ్లలో మూడును సమానము. ఏ లెక్క మేలన్న వాదము ఈ సభలో తేలదు. ఏ సభలోను తేలదు. చెప్పవలసిన దేమనగా, అమ్మమ్మ గిన్నెతో కొలిచినది గల్లుప్పు దంచి చేసిన ఉప్పు. మనుమరాలి ఇంట నున్నది సంచిలో వచ్చెడు మెత్తని ఉప్పు. గల్లు నడుమ గాలి యుండును. మెత్తనిది గిన్నెలో గట్టిగా నిండును. 250 మిల్లీలీటర్ల గిన్నెడు మెత్తని ఉప్పు సుమారు 300 గ్రాములు తూగును. గల్లుప్పు అంత తూగదు. గల్లు ఎంత పెద్దదైన అంత తక్కువ తూగును. ‘గిన్నె’ అను మాట ఒక్కటే కార్డుపై నున్నచో ఒక ఇంట పచ్చడి కటిక ఉప్పనగును, వేరొక ఇంట జాడీ పాడగును. అందుచే ఉప్పు ఏ రకమో, ఎన్ని గ్రాములో కార్డుపై ఉండి తీరవలెను.

పాత కొలతల సంగతియు ఇట్టిదే. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచము అని పెద్దలు లెక్క చెప్పుదురు. లెక్క సరియే గాని, కుంచమే ప్రాంతమున కొక తీరుగ నుండెడిది. తూకములలో వీశె 120 తులములు, అనగా సుమారు 1,400 గ్రాములు. 1956లో పార్లమెంటు చట్టము చేయగా, 1958 నుండి గ్రాములు, లీటర్లు క్రమముగా అంగళ్ళలో ప్రవేశించినవి. ఇండ్లలో మాత్రము ఇత్తడి సోల, గిద్దె తమ చోటు విడువలేదు. వానిని పారవేయ నక్కరలేదు. ఇంటి సోలను త్రాసుపై నుంచి, నీటితో నింపి, నీటి బరువు చూచినచో చాలును. ఒక గ్రాము నీరు ఒక మిల్లీలీటరు. ఆ సంఖ్యను కార్డు మూల ‘ఈ ఇంటి సోల ఇన్ని మిల్లీలీటర్లు’ అని వ్రాసికొన్నచో, సోల పోయినను కొలత పోదు. అమెరికాలో నున్న బిడ్డకు పంపెడు కార్డులపై ‘కప్పు’ అను మాటతో జాగ్రత్త. అచ్చటి కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు. ఇతర దేశములలో 250 మిల్లీలీటర్ల కప్పును వాడువారు కలరు. తెలుగు ఇండ్లలో కప్పు అనగా కాఫీ కప్పు కావచ్చును.

కొలతకు లొంగని సంగతులు కొన్ని యున్నవి. అరిసెల పాకము అట్టిది. చక్కెర పాకము ఉండకట్టు దశకు 112 నుండి 116 సెంటిగ్రేడు డిగ్రీల నడుమ వచ్చునని చెప్పుదురు. కాని బెల్లమునకు బెల్లమునకు తేమలో, మలినములలో భేద ముండును. ‘పది నిమిషములు కాచవలెను’ అని అచ్చువేసిన కార్డు వంటవారిని మోసగించును. పాకము లేతయైనచో అరిసె నూనెలో విడిపోవును, ముదిరినచో రాయియగును. కావున నిమిషములకు మారుగా గుర్తు వ్రాయవలెను. చల్లని నీటిలో చుక్క వేసి, వ్రేళ్ళతో చేర్చినప్పుడు మెత్తని ఉండ కట్టవలెనని వ్రాసినచో ఏ ఊరి బెల్లమైనను చిక్కు లేదు. పిండి తడి బియ్యపుదై, తడి ఆరకుండ నుండవలెనని కూడ చెప్పవలెను. ‘మూడు విజిళ్ళు’ అను మాట కూడ ఇట్టి మోసపు మాటయే. కుక్కరు పరిమాణము, మంట, అందు పోసిన నీరు, వీనిని బట్టి విజిలు వచ్చు వేళ మారుచుండును.

కొలతలు చేతికి వచ్చిన పిమ్మట కంప్యూటరు వంతు. మొదట కార్డు కొలత నిర్ణయింపవలెను. ఇచ్చట ఆంగ్లమునకును తెలుగునకును గల భేదమును గమనింపవలసి యున్నది. తెలుగు అక్షరమునకు పైన గుడియో, ఎత్వమో ఉండును. క్రింద ఒత్తు దిగును. ఆంగ్లపు వరుస ఇమిడిన చోట తెలుగు వరుస ఇమడదు. వంట చేయుచు, చేయి చాచినంత దూరమునుండి, నడివయస్సువారు అద్దములు లేకుండ చదువవలెనన్న అక్షరము 14 పాయింట్లకు తగ్గరాదు. ఒత్తులు ఒకదానితో నొకటి తగులకుండ నుండుటకు వరుసకు వరుసకు 21 పాయింట్ల ఎడము కావలెను. అంగుళమునకు 72 పాయింట్లు. మూడంగుళముల ఎత్తు గల కార్డు 216 పాయింట్లు. పైన క్రింద అంచులకు 22 చొప్పున తీసివేసిన 172 మిగులును. అనగా ఎనిమిది వరుసలు మాత్రమే. శీర్షికకు ఒకటి పోగా ఏడు. ఏడు వరుసలలో చారు ఇముడును గాని పులిహోర ఇమడదు. గ్రంథాలయమునకు సరిపోయిన కార్డు తెలుగు వంటకు ఇరుకైనదని ఈ లెక్కయే తెలుపుచున్నది.

అందుచే ఏ6 అను కొలత మేలు. అది 105 మిల్లీమీటర్ల ఎత్తు, 148 మిల్లీమీటర్ల వెడల్పు. పైని లెక్కనే దీనికి వేసి చూచినచో పండ్రెండు వరుసలు వచ్చును. వేరొక సౌకర్యమేమనగా, ఊరూర దొరకు ఏ4 కాగితమును అడ్డముగా పెట్టి, నిలువున ఒకసారి, అడ్డమున ఒకసారి కోసినచో సరిగా నాలుగు ఏ6 కార్డులగును. ముక్క వృథా పోదు. కంప్యూటరులో పేజీని ఏ4గా అడ్డముగా నిలిపి, రెండు వరుసలు, రెండు నిలువులు గల పట్టీని గీసి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క వంటను కూర్పవచ్చును. ఇంటి ప్రింటర్లలో పెక్కు కాగితపు అంచువరకు అచ్చువేయజాలవు. కొన్ని మిల్లీమీటర్లు విడిచిపెట్టును. గడి అంచున అక్షరము లేకుండ ఎనిమిది మిల్లీమీటర్లయినను ఖాళీ వదలినచో కత్తిరింపులోను, ముద్రణలోను నష్టముండదు.

ఒక్కొక్క కార్డులో ఎడమవైపు సన్నని నిలువున దినుసులు, వాని కొలతలు. కుడివైపు వెడల్పు నిలువున చేయు విధము. దినుసులు వాడెడు క్రమముననే ఉండవలెను. పోపు చివర వేయునది యైనచో ఆవాలు, ఎండుమిరపకాయలు పట్టికలో చివర రావలెను. నానబెట్టవలసినది, ముందునాడు చేయవలసినది ఏదైన నున్నచో శీర్షిక క్రిందనే, అన్నిటికంటె ముందు చెప్పవలెను. ‘మినప్పప్పు రాత్రి నానవేయవలెను’ అను మాట పదవ వరుసలో కనబడినచో ఆ ఉదయము గారెలకు నోచుకొనదు. ఎందరికి సరిపోవునో కూడ పైననే యుండవలెను.

వరుసల ఎడమును గూర్చి మరియొక మాట. చోటు చాలలేదని కొందరు వరుస ఎత్తును ఖచ్చితమైన సంఖ్యగా బిగించి తగ్గింతురు. అప్పుడు తెరపై గుడులు, ఒత్తులు తెగిపోవును, అచ్చులోను తెగును. ఒత్తు తెగిన ‘పచ్చడి’ పచ్చడి కాదు. చోటు చాలనిచో మాటలు తగ్గింపవలెను గాని అక్షరములను నొక్కరాదు. అక్షరరూపములు ఎన్నియో ఉచితముగా దొరకుచున్నవి. పోతన, మండలి, రామరాజ, సురన్న మొదలగునవి తెలుగువారు తెలుగు కొరకు చేసికొన్నవి. శీర్షికకు ఎంత ముచ్చటైన రూపమునైనను వాడవచ్చును. కొలతలకు మాత్రము సాదా రూపమే మేలు. రంగురంగుల పూలతీగెలు, గరిటెల బొమ్మలు కార్డు చుట్టును చేర్చుట కొందరికి వేడుక. పెండ్లిపిలుపునకు అది శోభ. పొయ్యి దగ్గర అది అడ్డు.

అంకెల విషయమున ప్రమాదములు పొంచియుండును. తెలుగులో ‘అర’కును ‘ఆరు’కును దూరమెంత? అర చెంచా ఇంగువ పప్పుచారునకు పరిమళము. ఆరు చెంచాల ఇంగువ ఆ చారును పారబోయించును. ఆంగ్లాక్షరములతో తెలుగు కొట్టువారికి ఒక మీట ఎక్కువ తక్కువలతో ఒకటి మరియొకటి యగును. రెండును శుద్ధమైన తెలుగు మాటలే గనుక తప్పులు వెదకెడు ప్రోగ్రాము పట్టుకొనజాలదు. ఫోనుతో మాటాడి వ్రాయించువారు మరింత మెలకువగా నుండవలెను. కొలతలను అంకెతోను, అక్షరముతోను జతగా ‘½ (అర) చెంచా’ అని వ్రాయుట మంచి రక్ష. బ్యాంకు చెక్కుపై మొత్తమును రెండు విధముల వ్రాయుట ఇందులకే గదా. ఇక దినుసుల పట్టికను లెక్కల ప్రోగ్రాములో వ్రాయువారు ‘1/2’ అని కొట్టి ముందుకు సాగుదురు. ఆ ప్రోగ్రాము దానిని తేదీగా భావించి, ఫిబ్రవరి ఒకటనో జనవరి రెండనో మార్చివేయును. ఉప్పునకు బదులు తేదీ వేసికొనవలసి వచ్చును! పాతిక, అర, ముప్పాతిక, వీసము మొదలగు భిన్నములకు తెలుగున పూర్వము ప్రత్యేకమైన గుర్తులుండెడివి. 2008లో యూనికోడు 5.1వ కూర్పులో ఆ గుర్తులకును, తూము గుర్తునకును చోటు దొరకినది. సంతోషింపదగిన విషయమే. కాని వానిని చదువగలవారు నేడు బహుకొలది. ఆవకాయ కార్డుపై వానిని వాడుట సాహసమగును.

యూనికోడు మాట వచ్చినది గనుక ఇది కూడ వినదగును. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగునకు చోటున్నది. అయినను డీటీపీ కేంద్రములలో చాలకాలము వేరు పద్ధతుల అక్షరములు వాడుకలో నుండినవి. కొన్నిట నేటికిని ఉన్నవి. ఆ పద్ధతిలో కొట్టించిన వంట, ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో పిచ్చిగీతలుగా కనిపించును. కాబట్టి కొట్టించునప్పుడే యూనికోడులో కావలెనని అడుగవలెను. అచ్చునకు పంపునప్పుడు పీడీఎఫ్ గా మార్చినచో అక్షరరూపములు ఫైలుతో కలిసియే పోవును. అమెరికాకు పంపినచో అచ్చటి కాగితము వేరని గుర్తుంచుకొనవలెను. వారి ‘లెటర్’ కాగితము 216 మిల్లీమీటర్లకు 279. ఏ4 కంటె వెడల్పు ఆరు మిల్లీమీటర్లు హెచ్చు, పొడవు పదునెనిమిది మిల్లీమీటర్లు తగ్గు. కాగితమునకు తగినట్లు కుదించుమని ప్రింటరునకు చెప్పనిచో అంచున నున్న మాటలు తెగిపోవును. పట్టీలో ఎడమ అంచున నుండునవి దినుసులు, కొలతలే.

మొదటి ప్రతిని సాదా కాగితముపైననే తీయవలెను. దానిని వండినవారి చేతికి కాక, ఆ వంట ఎన్నడు చేయనివారి చేతికి ఇయ్యవలెను. అమ్మమ్మ దగ్గర నుండి నోరు మెదపరాదు. ఇది ఆమెకు కష్టమైన పరీక్ష. చదివినవారు చదివినట్లే వండవలెను. ఎచ్చట వారు ఆగి ప్రశ్నించిరో అచ్చట కార్డులో మాట లోపించినదన్నమాట. ‘దోరగా వేయించవలెను’ అన్నచో ఎంత దోర? రంగు మారువరకా, వాసన వచ్చువరకా? ‘నూనె తేలువరకు’ అనునది తెలుగు వంటలో ప్రసిద్ధమైన మాట, మంచి గుర్తు; దానిని తీసివేసి నిమిషములు వ్రాయరాదు. ఇట్లు ఒకరిద్దరు వండిన పిదప, ఆ కాగితముపై వచ్చిన దిద్దుబాట్లను కంప్యూటరులో చేర్చి, అప్పుడు అట్టపై అచ్చువేయవలెను. పరీక్షకు పూర్వమే నూరు ప్రతులు తీసి బంధువులకు పంచినవారు, తరువాత ఇంటింటికి ఫోను చేసి ఉప్పు కొలత దిద్దుకొమ్మని చెప్పవలసి వచ్చును. వారిలో ఒకరు మరచినను నష్టపోవునది ఒక జాడీ.

అట్టను గూర్చి. మామూలు కాగితము చదరపు మీటరునకు 80 గ్రాములు తూగునది. కార్డునకు 200 గ్రాముల దరిదాపు ఉండవలెను. అన్ని ప్రింటర్లును అంత మందమును మ్రింగజాలవు. యంత్రముతో వచ్చిన పుస్తకమును చూచి, వీలున్నచో కాగితము వంగకుండ పోవు దారిలో ఒక్కొక్కటిగా పెట్టవలెను. సిరాను చిమ్మెడు ప్రింటర్లలో రంగునీటి సిరా వాడెడునవి తడి తగిలినంతనే అలికిపోవును. వంటింట తడి తగులని దినమేది? లేజరు ప్రింటరులో వాడునది సిరా కాదు. సన్నని ప్లాస్టిక్ పొడి. అది వేడిమిచే కరిగి కాగితమునకు అతుకుకొనును; నీటికి కరగదు. ఇంట సిరా ప్రింటరు మాత్రమే యున్నవారు కూర్పు ఇంట చేసికొని, అచ్చు మాత్రము లేజరు యంత్రమున్నచోట వేయించుకొనుట మేలు. లామినేషను చేయించుటను గూర్చి భిన్నాభిప్రాయములున్నవి. తడినుండి కాపాడుననుట నిజమే. కాని మెరపుచే దీపపు వెలుగులో చదువుట కష్టము. పొయ్యికి దగ్గరయైనచో ముడుచుకొనును. అన్నిటికంటె ముఖ్యముగా దానిపై పెన్సిలుతో వ్రాయ వీలులేదు. వ్రాయ వీలులేని వంటకార్డు సగము కార్డే.

ఇందుచేతనే రెండవవైపు ముద్రింపకుండుట మంచిది. రెండువైపుల ముద్రించుటలో చిక్కు కూడ లేకపోలేదు. కాగితమును పుస్తకపు పుటవలె త్రిప్పినప్పుడు ఎడమది కుడికి, కుడిది ఎడమకు మారును. ముందు ఎడమవైపు గోంగూర పచ్చడి యున్నచో, దాని వెనుక భాగమును రెండవ పేజీలో కుడివైపు కూర్పవలెను. ఇది మరచినవారి ఇంట గోంగూర మొదలుపెట్టి బొబ్బట్టుతో ముగించెడు కార్డులు తయారగును. వెనుక వైపు తెల్లగా నుంచినచో, 1791 నాటి పేకముక్క వలెనే, అది చేతివ్రాతకు ఉపయోగపడును. ‘ఈ ఏడు కారము ఘాటు హెచ్చు, కొంచెము తగ్గించితిమి’ అని ఎవరో వ్రాసికొందురు. ఆ వ్రాత అచ్చుకంటె విలువైనది.

వంటల పుస్తకములు ఉండగా ఈ శ్రమ దేనికను ప్రశ్న మిగిలియున్నది. మాలతీ చందూర్ గారి ‘వంటలు–పిండివంటలు’ ఎన్నో ముద్రణలు పొంది ఎన్నో ఇండ్లకు దారి చూపినది. అచ్చుపుస్తకము చేయు మేలు కాదనరానిది. కాని పుస్తకము అందరి కొరకు వ్రాయబడును గనుక ఒక్క ఊరి వంట అందులో దొరకదు. ఈ పేటలో ఉలవచారు కాచు తీరు, ఆ వీధిలో ఉగాదినాడు పచ్చడి కలుపు వరుస, చెరువుగట్టున దొరకెడు ఆకుకూరతో చేయు పులుసు, ఇవి ఏ పట్నపు ప్రచురణకర్తకును తెలియవు. ఇవి తెలిసినవారు ఏటేట తగ్గిపోవుచున్నారు. ఒక వృద్ధురాలు కన్నుమూసిననాడు ఇంటివారు ఫోటోను పటము కట్టించి దాచుకొందురు. ఆమె పెట్టిన మాగాయ రుచిని దాచుకొనుటకు తూకము వేసిన కార్డు తప్ప వేరు సాధనము లేదు. కావున ప్రతి కార్డు అడుగున ఎవరి చేతి వంటయో, ఏ ఊరో, ఏ సంవత్సరమున తూచి వ్రాసిరో, ఎవరు వండి చూచిరో ఉండవలెను. పుస్తకమునకు గ్రంథకర్త పేరు లేకుండ కేటలాగు కార్డు వ్రాయరు. పచ్చడికి మాత్రము కర్త అక్కరలేదా?

గ్రంథాలయము చేయదగిన పని ఇచ్చటనే యున్నది. కార్డు ఒక ప్రతి ఇంట, ఒక ప్రతి గ్రంథాలయమున. ఫైలు ఇంటి కంప్యూటరులో, గ్రంథాలయపు కంప్యూటరులో, దూరమున నున్న బంధువుల యొద్ద. కంప్యూటరు చెడిపోవుట అరుదైన సంగతి కాదు. గ్రంథాలయపు పెట్టెలో కార్డులను అకారాది క్రమమున అమర్చుట తేలిక. కాని కొత్తిమీర కారము కొరకు వచ్చినవారు ‘కొ’ క్రింద వెదకుదురో, ‘కారము’ క్రింద వెదకుదురో చెప్పలేము. అన్నము, పప్పు, పులుసు, కూర, పచ్చడి, ఊరగాయ, పిండివంట అని అడ్డు అట్టలు పెట్టి, వాని లోపల అకారాది క్రమము నుంచుట వాడువారికి అనుకూలము. బాలింతలకు పెట్టెడు పథ్యపు వంటలకు, నోముల నైవేద్యములకు వేరు అడ్డు అట్టలు పెట్టినచో వానిని అడుగువారు తప్పక ఉందురు.

ఇంటికి తీసికొనిపోయిన కార్డుపై ఎవరైన పెన్సిలుతో మార్పు వ్రాసి తిరిగి తెచ్చినచో, దానిని చెరిపివేయరాదు. ఆ మార్పును వేరొకరు వండి చూచి సరియన్నప్పుడు ఫైలులో దిద్ది, తేదీ వేసి, కొత్త కార్డు అచ్చువేసి ముందుంచవలెను. పెన్సిలు వ్రాతతో నున్న పాత కార్డును దాని వెనుకనే పెట్టెలో నిలుపవలెను.